డ్రైవరుతో కలిపి పదిహేడు

ఏడో నంబరు బండిలో పదహారు సీట్లు చుట్టాలవి. చుట్టాలంటే ఓడ దిగి వచ్చేవాళ్ళు. రేవులో బండ్లు తోలేవాళ్ళంతా వాళ్ళని అలాగే అంటారు. పొద్దున్నే వస్తారు, ద్వీపమంతా తిరిగి చూస్తారు, బాగుంది బాగుంది అంటారు, సాయంత్రం నాలుగున్నరకల్లా వెళ్ళిపోతారు. చుట్టాలు కాక మరేమిటి? ఆ పదహారు కాక ముందు డ్రైవరు సీటు ఒకటి, తలుపు పక్కన మడతపెట్టే సీటు ఒకటి ఉంటాయి. ఆ మడత సీటు మీద ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషి కథ ఇది.

రేవులో అందరూ ఆవిడని వదిన అంటారు, ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా. మొగుడు బండి తోలుతూ మైకులో కబుర్లు చెప్పేవాడు. తలుపు తీయడం, వేయడం, వానొస్తే గొడుగులు అందించడం, మలుపుల్లో కడుపు తిప్పినవాళ్ళకి సంచి ఇవ్వడం ఆవిడ పని. అన్నిటికన్నా పెద్ద పని తలలు లెక్కపెట్టడం. "ఆయన నోటికి బ్రేకు లేదు, బండికుంది, అదే చాలు" అనేది.

లెక్క సంగతి ముందే చెప్పాలి. పనిలో చేరిన మొదటి ఏడాది, ఏలకుల తోట దగ్గర ఆవిడ పదహారు మందినీ ఎక్కించి, తలుపు మూసి, "అందరూ వచ్చారు, పోనివ్వండి!" అని అరిచింది. బండి కదల్లేదు. చూస్తే డ్రైవరు సీట్లో మనిషే లేడు. మిరియాల తీగల వెనక నుంచి ప్యాంటు సర్దుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. చుట్టాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"ఏమే, ఊళ్ళోవాళ్ళందర్నీ లెక్కేశావు, కట్టుకున్నవాణ్ణి వదిలేశావు. రేపట్నించి మొదట నేను, ఆ తర్వాతే నీ చుట్టాలు" అన్నాడు.

అప్పట్నించి అదే పద్ధతి. ఆయన భుజం మీద చెయ్యేసి "ఒకటి" అనేది. అక్కణ్ణించి వరస వరసా వెనక్కి వెళ్ళి, చివరి సీటు దగ్గర "పదిహేడు" అనేది. సాయంత్రం రేవు గేటు దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చునే పెద్దాయన "ఎంతమంది?" అని అడిగితే, మొగుడు కిటికీలోంచి తల బయట పెట్టి "డ్రైవరుతో కలిపి పదిహేడు!" అనేవాడు. రోజూ అదే మాట, అప్పుడే తట్టినట్టు. పెద్దాయన విసుక్కుంటూ పదహారు అని రాసుకునేవాడు. అలా వదిన మొగుడికి రేవులో పదిహేడు అనే పేరు పడిపోయింది. సొంత పేరు కన్నతల్లికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ కథ జరిగిన రోజుకి నలభై మూడు రోజుల ముందు, అదే ఏలకుల తోట దగ్గర, "మీరు చూసి రండి, నేను కాస్త నడుం వాలుస్తాను" అని సీటు వెనక్కి వంచి, మొహం మీద తువ్వాలు వేసుకున్నాడు. ఆవిడ చుట్టాలని తోటంతా తిప్పి తీసుకొచ్చింది. భుజం మీద చెయ్యేసి ఒకటి అంది. చివరిదాకా లెక్కపెట్టింది. పదిహేడు. మడత సీటు మీద కూర్చుని "పోనివ్వండి" అంది. బండి కదల్లేదు. మళ్ళీ అంది. పాత హాస్యం ఆడుతున్నాడనుకుని, "చాల్లెండి, నవ్వారు గానీ పోనివ్వండి" అంది.

అప్పటికి అరగంట ముందే ప్రాణం పోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు. అంటే ఆవిడ లెక్కపెట్టింది పోయిన మనిషిని. ఎండలో ఉన్న బండి కదా, భుజం వెచ్చగానే తగిలింది.

ఆవిడకి ఏడుపు రాలేదు. గుండె దిటవు చేసుకుందన్నారు కొందరు. మొండి మనిషన్నారు కొందరు. రెండూ కాదు. పన్ను పీకే ముందు సూది మందు ఇస్తారు చూడండి, ఆ పక్క దవడ మనదేనా అని తడిమి చూసుకుంటాం. ఆవిడకి ఒళ్ళంతా అలా ఉంది. అన్నం తింటోంది, నిద్రపోతోంది, పలకరిస్తే పలుకుతోంది. అంతే.

ఇల్లు టైర్ల పంక్చరు షాపు మీద రెండు గదులు. పొద్దుణ్ణించి సాయంత్రందాకా కింద గాలి కొట్టే మిషను గుర్రుమంటూ ఉంటుంది. ఒక గదిలో ఆవిడ, ఒక గదిలో అత్తగారు. సముద్రంలో మునిగొచ్చిన చుట్టాలు తుడుచుకోవడానికి పదహారు తువ్వాళ్ళు ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి పంపడం అత్తగారి పని. కొడుకు పోయాక కూడా ముసలావిడ వాడని తువ్వాళ్ళని ఉతికి, మడతపెట్టి, మళ్ళీ విప్పి ఉతికేది. కోడలు చూసేది గానీ ఎందుకని అడగలేదు. నలభయ్యో రోజున ముసలావిడే నోరు విప్పింది.

"కదలకుండా పెడితే టైర్లు నేలకి అతుక్కుపోతాయే అమ్మాయ్."

"ఎవరు తోలతారు అత్తయ్యా?"

"డీజిలు కొట్టించడానికీ, కడిగించడానికీ ఇన్నాళ్ళూ తీసుకెళ్ళింది ఎవరు, నేనా?"

అదీ నిజమే. లైసెన్సు ఆయనే దగ్గరుండి తీయించాడు. ఆవిడ మర్నాడు రేవు గేటుకి వెళ్ళింది. రేవులో ప్రతి బండికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. అది అద్దం వెనక వేలాడకపోతే లోపలికి రానివ్వరు. గేటు పక్క బోర్డు మీద ఒకే ఒక రూలు ఎర్ర అక్షరాలతో ఉంటుంది: చుట్టం ఒక్కరు ఓడ తప్పినా బిళ్ళ పోతుంది, మళ్ళీ ఇవ్వరు.

పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఒక్క ట్రిప్పు చూస్తానమ్మా. ఈ బిళ్ళ కోసం బయట ఎంతమంది కాచుకుని ఉన్నారో నీకు తెలుసు. మీ ఆయన మొహం చూసి ఒక్కటి. సరిగ్గా జరిగితే నీదే."

"అలాగేనండి" అంది.

బిళ్ళ పోతే బండి అమ్ముకోవాలి. బండి పోతే తనకీ అత్తగారికీ ఇంకో దారి లేదు. ఆవిడకి ఆ సంగతి తెలుసు, ఎవరిదో అడ్రసు తెలిసినట్టు.

ఎనిమిదో నంబరు డ్రైవరు వదిన మొగుడికి పాతికేళ్ళ స్నేహితుడు. రెండు రోజుల తర్వాత, ట్రిప్పు రోజు పొద్దున, క్యూలో వెనక బండి అతనిదే. "లెక్కకి మా ఇంటిదాన్ని పంపిస్తాను వదినా. ఇంట్లో నన్ను లెక్కచేయదు గానీ బయట బాగానే చేస్తుంది" అన్నాడు.

"పదహారు మందేగా. నేను చూసుకుంటాను."

ఓడ వచ్చింది. చుట్టాలు దిగారు. జంటలు, అక్కచెల్లెళ్ళు, గడియారం వంక చూసుకునే బట్టతలాయన, ఆయన భార్య. ఒక పెద్దావిడ మాత్రం ఒంటరిగా వచ్చింది. మెళ్ళో చిన్న సంచి, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుంది.

వదిన మైకు తీసుకుంది. ఇరవై రెండేళ్ళు విన్న మాటలు, కంఠతా వచ్చు. జాజికాయ చెట్టు దగ్గర, "ఇది కాయ కాయడానికి ఏడేళ్ళు పడుతుందండి, తొందరలేనివాళ్ళు ఉండిపోవచ్చు" అంది. ఆయన మాటే. ఆవిడ గొంతులో అది మందుల షాపులో చీటీ చదివినట్టు వచ్చింది. చుట్టాలు నవ్వారు. ఎలా చెప్పినా నవ్వుతారన్నమాట, అనుకుంది. అంత తంటాలు పడి గొంతు మార్చి మార్చి చెప్పేవాడు పాపం.

ఏలకుల తోట దగ్గర తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టింది. ఇవాళ డ్రైవరు తనే, ముందు సీటు ఖాళీ, చుట్టాలు పదహారు. పదహారూ ఉన్నారు. ఆయన పోయిన చోటు అదే. అక్కడ బండి ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది. ఏదన్నా అవుతుందేమో అని ఒక నిమిషం ఆగి చూసింది. ఏమీ కాలేదు. కొండ మీద సముద్రం కనపడే మలుపు దగ్గర మళ్ళీ పదహారు.

జలపాతం దగ్గర వాన పట్టుకుంది. ఆ కొండల్లో వాన చెప్పి రాదు. వెదురుపొదల మీద, వెడల్పాటి ఆకుల మీద డప్పు కొట్టినట్టు మొదలైంది. చుట్టాలు కేకలు పెడుతూ, చెప్పులు చేత పట్టుకుని బండిలోకి ఎక్కారు. అద్దాలన్నీ మసకబారాయి. ఆవిడ గొడుగులు మూసి లోపల పెడుతూ, తడిసిన చెయ్యి తుడుచుకుని, డ్రైవరు సీటు వీపు మీద వేసింది.

"ఒకటి" అంది.

చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఆవిడ పంపలేదు. రెండు, మూడు అంటూ వెనక్కి వెళ్ళింది. చివరి వరస దగ్గర పదహారు అయింది. చుట్టాల జాబితా కాగితం మీదా పదహారే. సరిపోయింది. తలుపు వేసి, ముందుకొచ్చి, బండి తోలింది.

సముద్రపు ఒడ్డుకి ముప్పావుగంట. అక్కడ చుట్టాలు నీళ్ళలోకి దిగారు. వాళ్ళు వచ్చేటప్పటికి అందుకోవడానికి వీలుగా అత్తగారు కట్టిన మూటలోంచి తువ్వాళ్ళు తీసి, వాళ్ళు ఒడ్డున వదిలిన ఒక్కొక్క సంచి పక్కన ఒక్కొక్కటి పెట్టింది. చేతిలో ఒకటి మిగిలింది. అత్తగారు పొరపాటున పదిహేడు పెట్టిందేమో అనుకుంది. అత్తగారు పొరపాటు పడదు. మళ్ళీ వెనక్కి వచ్చి పెట్టినవి చూసింది. పదిహేను.

తెల్ల మేజోళ్ళ పెద్దావిడ లేదు.

అప్పుడు తెలిసింది తను ఎవర్ని లెక్కేసిందో.

మామూలుగా అయితే కాళ్ళూ చేతులూ ఆడవు. ఆవిడకి అన్నీ ఆడాయి. గడియారం చూసింది, రెండూ పది. ఎనిమిదో నంబరు దగ్గరికి నడిచి వెళ్ళింది, పరిగెత్తను కూడా లేదు.

"ఒకావిణ్ణి జలపాతం దగ్గర వదిలేసి వచ్చాను."

అతను కొబ్బరిబోండాం నోటి దగ్గరే ఆపేశాడు. "వదినా! ఫోను చెయ్యి!"

"అక్కడ సిగ్నలు రాదుగా."

"మరి ఇంకా నిలబడ్డావేం? నీవాళ్ళని నేను చూస్తా. వెళ్ళు! వెళ్ళవే తల్లీ!" ఎప్పుడూ వదినా అనేవాడు, కంగారులో తల్లీ అనేశాడు.

ఖాళీ బండి కొండెక్కింది. దారి పొడవునా అరటి ఆకులు వానకి చీరికలై వేలాడుతున్నాయి, రోడ్డు మీద ఎర్రమట్టి నీళ్ళు పారుతున్నాయి. ఎంత పచ్చగా ఉందో అని చుట్టాలు ఫొటోలు తీసుకునే దారి. ఒక మలుపులో వెదురు గుబురు రోడ్డుకి అడ్డంగా వాలిపోయి ఉంది. దిగి, రెండు చేతులతో లాగి పక్కన పడేసింది. అరచేతులు గీసుకుపోయి నెత్తురొచ్చింది. నొప్పి తర్వాత తెలుస్తుందిలే అనుకుంది. ఆవిడకి భయం కూడా రావాలి కదా. దాని కోసం కాసేపు ఎదురు చూసింది, కరెంటు పోయిన ఇంట్లో స్విచ్చి వేసి చూసినట్టు. రాలేదు. పెద్దావిడ రాళ్ళ మీద జారి ఉంటుందేమో, అడవిలో దారి తప్పిందేమో అని బుర్ర చెబుతోంది. కింద ఒంట్లో ఎవరూ వినడం లేదు.

జలపాతం దగ్గరికి చేరేసరికి మూడయింది. వాన వెలిసింది. పండ్లు అమ్మే పిన్ని దుకాణంలో, రేకుల కింద, పెద్దావిడ స్టూలు మీద కూర్చుని పైనాపిల్ ముక్కలు తింటోంది. మేజోళ్ళు ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి.

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది. "వచ్చావా మహాతల్లీ! మేజోళ్ళు మార్చుకుందామని ఆ తడికల గదిలోకి వెళ్ళింది, వచ్చేసరికి బండి లేదు. కేకేస్తే వానలో నీకు వినపడితేగా! మీ ఆయనున్నప్పుడు ఒక్కనాడైనా జరిగిందా ఇలాంటిది?"

"లేదు పిన్నీ."

అంత నెమ్మదిగా లేదు అనేసరికి పిన్ని నడుం మీది చేతులు దించింది. మేజోళ్ళు తీసి మడిచి పెద్దావిడ చేతిలో పెట్టి, "జాగ్రత్తగా పో. రోడ్డు జారుడుగా ఉంది" అంది.

పెద్దావిడ వెనక్కి వెళ్ళలేదు. మడత సీటు వాల్చుకుని దాని మీదే కూర్చుంది. ఈ ద్వీపం భాష ఆవిడకి కాస్త వచ్చు, వదినకి చుట్టాల భాష కాస్త వచ్చు. రెండూ కలిపి మాట్లాడుకున్నారు.

"నన్నెందుకు వదిలేశావు?" అంది పెద్దావిడ. తిట్టినట్టు కాదు, టైమెంతయింది అని అడిగినట్టు.

"లెక్క తప్పానండి."

"ఊరికే తప్పదు. ముప్పై ఒక్కేళ్ళు రైల్లో టిక్కెట్లు చూశాను నేను. లెక్క తప్పిందంటే ఎవరో ఎక్కువన్నా అయి ఉండాలి, తక్కువన్నా అయి ఉండాలి."

"ఒకరు ఎక్కువయ్యారు."

"ఎవరు?"

"మా ఆయన."

పెద్దావిడ ఖాళీ బండిని వెనక్కి తిరిగి చూసింది. "ఎక్కడ?"

"లేరండి. పోయారు. ఈ సీట్లోనే కూర్చునేవారు. రోజూ ఆయన భుజం మీద చెయ్యేసి ఒకటి అని మొదలుపెట్టేదాన్ని. ఇవాళ ఉత్త సీటు మీద చెయ్యేసి ఒకటి అన్నాను. ఆ ఒకటి మీది."

పెద్దావిడ చేతిలో మిగిలిన పైనాపిల్ ముక్క నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది. రెండు మలుపులు దాటాయి.

"అయితే మీ ఆయన నా టిక్కెట్టు మీద ప్రయాణం చేశాడన్నమాట" అంది. "నా డ్యూటీలో అయితే దింపేసేదాన్ని."

వదిన నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వో, దగ్గో ఆవిడకే తెలియలేదు. స్టీరింగు మీద చేతులు మాత్రం అప్పుడు మండడం మొదలుపెట్టాయి.

"డ్రైవరుని లెక్కేసేదానివి, బాగానే ఉంది. నిన్నెవరు లెక్కేసేవాళ్ళు?" అంది పెద్దావిడ.

"నన్నా? నేను లెక్కపెట్టేదాన్ని కదండీ."

"అందుకని బండిలో లేవా?"

ఇరవై రెండేళ్ళు ఈ మాట ఆయనకీ తట్టలేదు, తనకీ తట్టలేదు. ఎదురుగా లారీ వస్తోంది, హారను కొట్టి పక్కకి తీసింది.

ఒడ్డుకి చేరేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. ఎనిమిదో నంబరు తనవాళ్ళని ఎప్పుడో ఎక్కించేసి, ఇంజను ఆపకుండా రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. వదినవాళ్ళ పదిహేను మందినీ భుజాల మీద తువ్వాళ్ళతో వరసలో నిలబెట్టాడు, బడిలో పిల్లల్లాగా.

"నువ్వు కనపడేదాకా కదలకూడదనుకున్నా వదినా. ఇంకో అయిదు నిమిషాలు చూస్తే నా బిళ్ళ కూడా నీ బిళ్ళ వెనకాలే పోయేది" అన్నాడు. నవ్వబోయాడు గానీ మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

బట్టతలాయన గడియారం చూపించాడు. "మా ఓడ వెళ్ళిపోతే ఎవరిది బాధ్యత?"

"నాది. వెళ్ళదు, ఎక్కండి" అంది.

తలుపు దగ్గర నిలబడింది. చెయ్యి మళ్ళీ సీటు వైపు లేచింది. ఈసారి ఆవిడ చూసింది దాన్ని. గాల్లో ఒక్క క్షణం ఆగింది. నెత్తురు అంటిన ఆ అరచేతిని తన గుండెల మీద వేసుకుని "ఒకటి" అంది. వెనక్కి వెళ్ళింది. తెల్ల మేజోళ్ళావిడ చివరి సీట్లోకి మారి, రైల్లో ప్రయాణికురాలిలా వేలు పైకెత్తి చూపించింది. పదిహేడు.

రేవు గేటు దగ్గరికి నాలుగూ ఇరవై రెండుకి చేరారు. చుట్టాలు దిగి పరుగులాంటి నడకతో ఓడవైపు వెళ్ళారు. పెద్దావిడ అందరికన్నా వెనక, తొందర లేకుండా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. నిచ్చెనలాంటి ఆ మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళేదాకా వదిన చూస్తూ నిలబడింది.

పెద్దాయన పుస్తకం తీశాడు. "ఆలస్యమైందే. ఏమైంది?"

ఎనిమిదో నంబరు కిటికీలోంచి సైగ చేస్తున్నాడు, వాన అని చెప్పు, వాన అని చెప్పు అన్నట్టు. ఆవిడ చూసింది.

"ఒకావిణ్ణి జలపాతం దగ్గర మర్చిపోయి వచ్చేశానండి. మళ్ళీ వెళ్ళి తెచ్చాను."

ఎనిమిదో నంబరు నెత్తి మీద చెయ్యి వేసుకున్నాడు. పెద్దాయన కలం కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడిచి, ఎర్ర అక్షరాల బోర్డు వంక చూసి, ఆవిడ చేతులు చూశాడు.

"ఓడ తప్పిందా?"

"లేదండి."

"రూలులో మర్చిపోవడం సంగతి రాయలేదు, ఓడ తప్పడం సంగతే రాశారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "వచ్చే ఓడకి నీ బండి రాదు, ఇంట్లో కూర్చో. ఆ పై ఓడకి రా. కానీ ఒంటరిగా కాదు. తలుపు దగ్గర ఒక మనిషి ఉండాలి."

"ఉంటుందిలెండి, మా ఆవిడ!" అన్నాడు ఎనిమిదో నంబరు అక్కణ్ణించే.

పెద్దాయన కలం తీశాడు. "సరే. ఎంతమంది?"

"డ్రైవరుతో కలిపి పదిహేడు" అంది.

పెద్దాయన తలెత్తాడు. ఆవిడ హాస్యానికి అనలేదు, అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన విసుక్కోలేదు. ఏం రాసుకున్నాడో ఆవిడ చూడలేదు.

బండిని షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి కాళ్ళ కింద పరిచే పట్టాలు బయటికి లాగి కడిగింది. జలపాతం మట్టి తొందరగా వదలదు. నీళ్ళు తగిలి అరచేతులు భగ్గుమన్నాయి. సముద్రం వైపు నుంచి ఓడ కూత వినపడింది. ఆవిడ పైపు పక్కన పెట్టి, చేతులు రెండూ ఎదురుగా పట్టుకుని కాసేపు చూసుకుంది. మండుతున్నాయి, బాగా మండుతున్నాయి. ఆ తర్వాత వాడకుండా మిగిలిన ఆ ఒక్క తువ్వాలు తీసి తుడుచుకుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి అత్తగారికి ఉతకడానికి ఇవ్వాలి.